షట్టరు నడిమి తాళం

వచ్చే నెలలో కొట్టు తెరుస్తున్నావని మీ అమ్మ చెప్పింది బాబూ, చాలా సంతోషం. సెల్‌ఫోన్ల వ్యాపారం అంటే చిన్న గదిలో పెద్ద సొమ్ము. బోర్డు మీద లైట్లు ఎలా వెలగాలి, గాజు కౌంటరు ఎంత పొడుగుండాలి అని తెగ ఆలోచిస్తున్నావు. తాళం మాటెత్తితే మాత్రం "అదెంతసేపు తాతయ్యా, ముహూర్తం రోజు పొద్దున్నే కొనుక్కొస్తా" అంటున్నావు. కాసేపు ఇలా కూర్చో. తాళంలో నువ్వు స్కూల్లో చదువుకున్న సైన్సు చాలా ఉంది, కాస్త లెక్క కూడా ఉంది.

ఆ లెక్క ముందు చెబుతాను. పనిముట్లు, తీరిక రెండూ ఉన్నవాడు ఏ తాళాన్నైనా తెరుస్తాడు. పనిముట్లను మనం ఆపలేం, అవి బజార్లో ఎవరికైనా దొరుకుతాయి. తీరికను ఆపగలం. దొంగ షట్టరు మీద మొదటి దెబ్బ వేసినప్పటి నుంచి లోపలికి దూరేదాకా ఎన్ని నిమిషాలు పడుతుంది? ఆ మొదటి దెబ్బ సంగతి బయటికి పొక్కి, అక్కడికి మనుషులు రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? మొదటి సంఖ్య పెద్దదైతే నీ సరుకు నీది, రెండోది పెద్దదైతే వాడిది. తాళం మొదటి సంఖ్యను పెంచుతుంది, అలారం రెండోదాన్ని తగ్గిస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. షట్టరు లేచి, మనిషి లోపలికొచ్చి, సరుకు మూటగట్టే వేళకి మోగే అలారానికి తాళం వల్ల ఒరిగేదేమీ లేదు. తాళం సంపాదించిపెట్టిన నిమిషాలన్నీ అప్పటికే ఖర్చయిపోయాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరగడం అంటే అదే. ముందు అలారం మోగాలి, ఆ మోత చెవుల్లో హోరెత్తుతుండగా వాడు తాళంతో కుస్తీ పట్టాలి. ఏ వస్తువు కొన్నా ఈ వరసలో దాని చోటేమిటో చూసుకుని కొను.

ఇక షట్టరు దగ్గరికి రా. పది అడుగుల షట్టరుకు కింద రెండు కొసల్లో రెండు తాళంకప్పలు వేస్తారు. దొంగ ఆ తాళాల జోలికే పోకపోవచ్చు. రెండు కొసలూ బిగిసి ఉన్నాయి కాబట్టి సరిగ్గా నడుమ గడ్డపలుగు దూర్చి పైకి లేపుతాడు. మనిషి పాక్కుంటూ వెళ్ళేంత సందు చాలు, తాళాలు తాళాల్లాగే ఉంటాయి.

నడుమ ఎందుకు అంత తేలిగ్గా లేస్తుందో చూడాలంటే రెండు లావుపాటి పుస్తకాలు, ఒక ప్లాస్టిక్ స్కేలు తీసుకో. పుస్తకాల మధ్య 24 సెంటీమీటర్ల ఎడం పెట్టి స్కేలును వాటి మీద వంతెనలా వెయ్యి. నడుమ నాలుగు రూపాయి బిళ్ళలు పెట్టి, ఎంత కిందికి వంగిందో కొలువు. ఇప్పుడు పుస్తకాలను దగ్గరికి జరిపి ఎడాన్ని 12 సెంటీమీటర్లు చెయ్యి, అవే బిళ్ళలు పెట్టు. ఎడం సగమైంది కాబట్టి వంపు కూడా సగమవుతుందని అనుకుంటాం. అలా కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. వంపు అనేది పొడవు ఘనాన్ని బట్టి మారుతుంది. సగాన్ని సగంతో, మళ్ళీ సగంతో గుణిస్తే ఎనిమిదో వంతే కదా. అందుకే షట్టరు నడుమ సెంటర్ లాక్ ఒకటి బిగిస్తే, అది కలిపే బలం మూడో తాళం ఇచ్చే బలంలా ఉండదు. పది అడుగుల పలక ఐదడుగుల ముక్కలు రెండు అయిపోతుంది, అంతే బలంతో లేపితే ఎనిమిదో వంతే లేస్తుంది. వాడు ఎనిమిది రెట్లు బలం తేవాలి, లేదంటే జాకీ తేవాలి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే పని కొట్టు మొత్తంలో ఇంకోటి లేదు. అయితే ఆ లాక్ కింద దిగే రంధ్రం టైల్సు మీద అతికించిన రేకులో ఉంటే దండగ. గచ్చు లోపలి కాంక్రీటులో ఇనప ముక్క పాతించి, దానికి వెల్డింగు చేయించాలి. ఫ్లోరింగు పని జరుగుతున్నప్పుడే మేస్త్రీకి చెప్పు, తర్వాత పగలగొట్టి చేస్తే ఆ పట్టు రాదు.

తాళంకప్ప కొనేటప్పుడు కొట్టువాడు ముందుగా చూపించేది పేరు, తర్వాత "ఏడు లివర్లు సార్" అంటాడు. నువ్వు ముందు చూడాల్సింది కొండీ, అంటే పైన వంకీలా ఉండే కడ్డీ. 6 మిల్లీమీటర్ల కడ్డీకీ 12 మిల్లీమీటర్ల కడ్డీకీ తేడా రెట్టింపని కంటికి తోస్తుంది. కట్టర్ కొరకాల్సింది అడ్డకోత వైశాల్యాన్ని, అది వ్యాసం వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి తేడా నాలుగు రెట్లు. బోల్ట్ కట్టర్ అనేది రెండు తులాదండాలు జతకట్టిన కత్తెర. పొడుగు పిడుల దగ్గర మనం పెట్టే బలం నోటి దగ్గర ఎన్నో రెట్లు అవుతుంది. మామూలు ఇనప కొండీ దాని నోట్లో ఒక్క కొరుకుడుకు తెగుతుంది.

అందుకని మంచి కొండీకి పైపొర గట్టిపరుస్తారు. మన కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచేది ఇందుకే. ఉక్కును 800 డిగ్రీలు దాటేలా కాల్చినప్పుడు కార్బన్ అణువులు ఇనుములో కలిసిపోతాయి. గబుక్కున చల్లారిస్తే వాటికి బయటికి వచ్చే వ్యవధి ఉండదు, అక్కడే ఇరుక్కుని ఇనుప అణువుల అల్లికను బిగదీస్తాయి. ఉక్కు గట్టిపడుతుంది, కాకపోతే పెళుసవుతుంది, సుత్తి దెబ్బకు విరుగుతుంది. అందుకే పైపొరను మాత్రం గట్టిచేసి లోపలి గుండెను మెత్తగా, సాగే గుణంతో ఉంచుతారు. ఉక్కు పనితనం మనకు కొత్తేమీ కాదు బాబూ. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. సరే, పరీక్ష ఒకటి చెబుతాను. కొండీ మూల మీద ఆకురాయితో రుద్దితే మామూలు ఇనుము మీద గీత పడి పొడి రాలుతుంది, గట్టిపరచిన ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది. కొట్టువాడు రుద్దనివ్వకపోతే దాని మీద 'హార్డెన్డ్' అని అచ్చువేసి ఉందో లేదో చూడు. ఇంకో సంగతి, తాళం పడ్డాక కొండీ రెండు కాళ్ళూ లోపల పట్టుబడాలి. ఒక్క కాలే పట్టుబడేవాటిని మెలితిప్పి ఊడదీయడం సులువు. భుజాలు పైకి లేచి కొండీని దాచేసే రకాలుంటాయి, కట్టర్ నోరు అక్కడ దూరదు. ఉన్నవాటిలో అవి మేలు.

గొళ్ళెం సంగతి మరచిపోవద్దు. వెయ్యి రూపాయల తాళాన్ని నాలుగు చిన్న స్క్రూలతో నిలబెట్టిన గొళ్ళేనికి వేస్తారు. స్క్రూ డ్రైవరుతో గొళ్ళెం విప్పితే తాళం దానికి వేలాడుతూ వచ్చేస్తుంది. తాళం వేశాక బయటి నుంచి ఒక్క స్క్రూ తల కూడా కనపడకూడదు. తలుపును తొలుచుకుపోయే బోల్టు వేసి లోపలివైపు నట్టు బిగించాలి.

ఇప్పుడు లివర్ల సంగతి. తాళం లోపల పలచటి పలకలుంటాయి, ఒక్కోదానికీ ఒక గాడి ఉంటుంది. తాళంచెవి పళ్ళు ఒక్కో పలకనూ సరిగ్గా దానికి తగిన ఎత్తుకు లేపితే గాడులన్నీ ఒకే వరసలోకి వస్తాయి, అప్పుడే గడియ కదులుతుంది. ఒక్క పలక వెంట్రుకవాసి ఎక్కువ లేచినా, తక్కువ లేచినా కదలదు. 1778లో రాబర్ట్ బారన్ అనే ఇంగ్లీషువాడు ఈ కిటుకు కనిపెట్టాడు. 1818లో జెరెమియా చబ్ దానికి ఇంకో ముక్క చేర్చాడు. ఎవడైనా పుల్లపెట్టి గెలికి పలకను మరీ ఎత్తుకు లేపితే తాళం బిగుసుకుపోయి, యజమాని తాళంచెవి పెట్టగానే ఆ సంగతి తెలిసిపోతుంది. అలాగే జోసెఫ్ బ్రామా లండన్ పికాడిల్లీలోని తన కొట్టు కిటికీలో ఒక తాళం పెట్టి, దీన్ని తెరిచే పనిముట్టు చేసినవాడికి 200 గినీలు ఇస్తానని రాయించాడు. 1790 నుంచి అరవై ఏళ్ళు అది అలాగే ఉంది. 1851లో లండన్‌లో గొప్ప ప్రదర్శన జరిగినప్పుడు అమెరికా నుంచి ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే తాళాలపని మనిషి వచ్చాడు. చబ్ తాళాన్ని అరగంట లోపే తెరిచాడు. బ్రామా తాళం మీద పదహారు రోజుల వ్యవధిలో 51 గంటలు కూర్చుని దాన్నీ తెరిచి, బహుమతి పట్టుకుపోయాడు. ఇంగ్లండు వ్యాపారులు కంగుతిన్నారు.

ఆ 51 గంటల్లో మనకు పనికొచ్చే సంగతి ఉంది. హాబ్స్‌కు గది ఇచ్చారు, వెలుతురు ఇచ్చారు, ఎవరూ అడ్డుపడలేదు. మన బజార్లో దొంగకు దొరికేది చీకటి, పది నిమిషాలు. వాడు పలకలు లెక్కపెట్టడు, పలుగు వేస్తాడు. కాబట్టి ఏడు లివర్లా, తొమ్మిది లివర్లా అని నలిగిపోకు. మధ్యరకంలో నిజాయితీగా చేసిన తాళం కొని, మిగిలిన డబ్బు కొండీ, గొళ్ళెం, సెంటర్ లాక్ మీద పెట్టు. తాళాలకు పేరున్న ఊరు ఉత్తరాదిన అలీగఢ్. దక్షిణాదిన దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొంబాయిలో అర్దేశిర్ గోద్రెజ్ తాళాల తయారీ మొదలుపెట్టింది 1897లో. మనకు మంచి తాళాల కరువు ఎప్పుడూ లేదు, చూసి కొనే ఓపికే కావాలి.

గాజు తలుపుకి వాడేది పిన్నుల తాళం. లైనస్ యేల్ 1860ల్లో చేసిన రకం అది, మూలం పాత ఈజిప్టు కొయ్య తాళాల్లో ఉంది. ఐదు పిన్నులు, ఒక్కోదానికి ఆరు ఎత్తులు అనుకుంటే ఆరుని ఐదుసార్లు గుణించాలి, 7,776 రకాల తాళంచెవులు వస్తాయి. చవక తాళాల్లో ఇన్ని రకాలు చేయరు. నీ చెవి పళ్ళన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటే ఆ తాళం వద్దు.

ఇక మారుతాళం. కొట్లో పనికి కుర్రాణ్ణి పెడతావు, నెల తర్వాత వాడు మానేస్తాడు, ఇంకొకడు వస్తాడు. ఎవడి మీదా అనుమానం పెట్టుకోమని నేననను. తాళంచెవి చేయి మారిన ప్రతిసారీ తాళం మార్చమంటాను, అంతే. ఎందుకంటే దొంగతనం బీమా పాలసీల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది. బలవంతంగా జొరబడిన ఆనవాళ్ళు కనపడాలి. మారుతాళంతో మర్యాదగా తెరిచి, మళ్ళీ వేసి వెళ్ళినవాడి సంగతి బీమా కంపెనీ ముందు రుజువు చేయడం నీ వల్ల కాదు. పాలసీ కాగితం ఆ పంక్తి దాకా చదివి సంతకం పెట్టు.

షట్టరుకు ఎన్ని హంగులు చేసినా వెనక గోడ సంగతి చూడకపోతే వృథా. శూద్రకుడి మృచ్ఛకటికం నాటకంలో శర్విలకుడనే దొంగ చారుదత్తుడి ఇంట్లోకి దూరేది గోడకు కన్నం వేసే. ఏ ఇటుక గోడకు ఎలాంటి కన్నం వేయాలో శాస్త్రం చెబుతున్నట్టు చెప్పుకుంటూ పని కానిస్తాడు. ఇవాళా చూడు, నాలుగున్నర అంగుళాల గోడ, పైన రేకుల కప్పు, బాత్రూం వెంటిలేటరు, పక్కనే అద్దెకు ఎవరూ లేని ఖాళీ కొట్టు, దొంగ వీటినీ చూస్తాడు. రేకుల కింద ఇనప గ్రిల్లు, వెంటిలేటరుకు చువ్వలు వేయించి ముందుకు సాగు.

అలారంలో మొదటి సంగతి తీగ. ఇంటి కాలింగ్ బెల్లులో స్విచ్ నొక్కితే సర్క్యూటు మూసుకుని గంట మోగుతుంది. దొంగల గంట అలా చేస్తే, తీగ తెంపితే చాలు మూగబోతుంది. అందుకని తిప్పి చేస్తారు. కరెంటు ఎప్పుడూ సన్నగా పారుతూనే ఉంటుంది, అది ఆగితేనే సైరన్ మోగుతుంది. ఇక తీగ తెంపినవాడే సైరన్ మోగించినవాడవుతాడు. మరి తెలివైనవాడు తీగలు రెండూ కలిపేస్తే? దానికీ మందుంది. తీగ చివర చిన్న రెసిస్టర్ పెడతారు. తెంపితే కరెంటు సున్నా అవుతుంది, కలిపితే ఉండాల్సిన దానికంటే పెరుగుతుంది, రెండిట్లో ఏది జరిగినా అలారం పెట్టె కనిపెడుతుంది. ఓమ్ నియమం ఎందుకు చదవాలని అప్పట్లో అడిగావు, ఇదిగో ఇందుకు. ఆ రెసిస్టర్‌ను పెట్టెలోనే బిగించేసి పని అయిందనే మెకానిక్కులున్నారు. అది తీగ కొసన, సెన్సరు దగ్గర ఉండాలి, దగ్గరుండి చూసుకో. విద్యుత్తుతో మోగే దొంగల గంటకు 1853లోనే అమెరికాలో ఆగస్టస్ పోప్ పేటెంటు తీసుకున్నాడు.

షట్టరుకు పెట్టే సెన్సరు అయస్కాంతంతో పనిచేస్తుంది. గాజు గొట్టంలో రెండు సన్నటి ఇనుప రేకులు ఎదురెదురుగా ఉంటాయి. అయస్కాంతం దగ్గరుంటే అవి అంటుకుంటాయి, దూరమైతే విడిపోతాయి. రీడ్ స్విచ్ అంటారు, 1936లో బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ కనిపెట్టాడు. గొట్టం మూసేసి ఉంటుంది కాబట్టి దుమ్ము, తుప్పు లోపలికి పోవు. తలుపులకు పెట్టే చిన్నది షట్టరుకు పనికిరాదు. గాలివానకు షట్టరు అర అంగుళం కదిలినా మోగుతుంది. నాలుగు రాత్రులు ఊరికే మోగితే ఐదో రాత్రి నిజంగా మోగినా ఎవరూ లేవరు. షట్టర్ల కోసమే, కొంత ఎడం వచ్చినా ఓర్చుకునే పెద్దరకం ఉంటుంది, అదే అడుగు. దాంతోపాటు షట్టరు చట్రానికి ఒక కంపన సెన్సరు పెట్టించు. మొదట చెప్పిన వరస ఇక్కడ కుదురుతుంది. పలుగు తగిలిన మొదటి దెబ్బకే ఇది కేక వేస్తుంది, అప్పటికి సెంటర్ లాక్ చెక్కుచెదరకుండా ఉంటుంది.

గది లోపల గోడ మూల పెట్టే తెల్లటి డబ్బా చూశావుగా, పీఐఆర్ సెన్సర్ అంటారు. మన ఒంటి వేడి కంటికి కనపడని పరారుణ కిరణాలుగా బయటికి వస్తూ ఉంటుంది. చర్మం మీద 33 డిగ్రీల వేడి ఉంటే ఆ కిరణాల జోరు 9.5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా ఉంటుంది. డబ్బా ముందున్న గీతల ప్లాస్టిక్ కటకం గదిని పలకలు పలకలుగా చీల్చి చూపిస్తుంది. వేడి మనిషి ఒక పలక నుంచి ఇంకో పలకలోకి దాటితే లోపలి స్ఫటికంలో చిన్న విద్యుత్తు పుడుతుంది. అడ్డంగా నడిచే మనిషి చప్పున దొరుకుతాడు, దానికేసి నేరుగా వచ్చేవాడు ఆలస్యంగా దొరుకుతాడు. కాబట్టి షట్టరుకు ఎదురుగోడ మీద వద్దు, పక్కగోడ మూలన పెట్టించు.

ఇందులో మన ఊళ్ళకు ఒక చిక్కుంది. ఆ సెన్సరు చూసేది వేడిని కాదు, వేడిలో తేడాని. మే నెలలో గుంటూరు, రెంటచింతల ఎండలకు కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూ ఉంటుంది. మూసిన కొట్లో గోడలు 35, 36 డిగ్రీల్లో ఉంటే మనిషి చర్మానికీ గోడకీ తేడా ఏముంది? చలికాలంలో ఠక్కున పట్టే సెన్సరు వేసవిలో తడబడుతుంది. ఉష్ణోగ్రతను బట్టి సర్దుకునే రకం కొను. ఎంత మంచిదైనా దాన్ని మాత్రమే నమ్ముకోవద్దు. షట్టరు మీది అయస్కాంతానికీ కంపన సెన్సరుకీ ఎండతో పనిలేదు. దేవుడి పటం ముందు దీపం వెలిగించి షట్టరు దించే అలవాటుంటే దీపం కొండెక్కాకే అలారం వెయ్యి. కటకం మీద పాకే బల్లి కూడా మోగిస్తుంది, చుట్టూ శుభ్రంగా ఉంచు.

సైరన్ దగ్గర 110 డెసిబెల్స్ అని రాసి ఉంటే అది ఒక మీటరు దూరాన అని అర్థం. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది. 32 మీటర్ల దగ్గర 80 మిగులుతుంది, నిద్రపోతున్న మనిషి లేవడానికి చాలు. అదే సైరన్ లోపల ఉంటే షట్టరు, గోడలు సగం మింగేస్తాయి. అందుకని ఒకటి బయట, నిచ్చెన వేస్తే తప్ప అందనంత ఎత్తున పెట్టు. లోపల ఇంకోటి ఉంటే వాడికి అక్కడ నిలబడటమే కష్టమవుతుంది. మీటరు బోర్డు బయట ఉంటుంది కాబట్టి ఫ్యూజు పీకడం చిటికెలో పని. అందుకే అలారం పెట్టెలో 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. అన్నీ కలిపి 0.2 ఆంపియర్లు తాగితే కాగితం మీద 35 గంటలు వస్తుంది. బ్యాటరీ పాతబడితే ఆ లెక్క నిలవదు. నెలకోసారి మెయిన్ ఆపేసి సైరన్ మోగించి చూడు, ఇరుగుపొరుగుకు ముందే చెప్పి చెయ్యి. అలారం మోగగానే ఫోన్ చేయడానికి అందులో ఉన్న సిమ్ రీచార్జి అయిపోతే ఫోను పోదు, ఆ తేదీ క్యాలెండరు మీద రాసుకో. ఫోను పోవాల్సిన నంబర్లలో మొదటిది నీది కాదు, కొట్టు మేడమీద కాపురముండేవాళ్ళది. నువ్వు మూడు కిలోమీటర్ల దూరంలో నిద్రపోతుంటావు.

కెమెరా తప్పకుండా పెట్టు, హైదరాబాద్ పోలీసులు 'నేను సైతం' కార్యక్రమం కింద కాలనీలకూ కొట్లకూ పెట్టమని అడుగుతున్నది కూడా ఎన్నో కేసులు వాటివల్ల తేలుతున్నాయనే. కాకపోతే కెమెరా దొంగను పట్టిస్తుంది, సరుకును ఆపదు. రికార్డరును బల్ల మీద పెడితే సరుకుతోపాటు దాన్నీ మోసుకుపోతారు. అటక మీద, కనపడని చోట బిగించు.

తాళంలో కొబ్బరినూనె పోయకు. నూనె దుమ్ముని పట్టి జిగురై పలకలను అంటిస్తుంది. పెన్సిలు ముల్లును మెత్తగా గీకి ఆ పొడి వెయ్యి, గ్రాఫైటు పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయి, జిగురు పట్టదు.

ఆఖరుగా ఒక మాట, దీన్ని మాత్రం ఆజ్ఞ అనుకో. కాపలాకని పనికుర్రాణ్ణి లోపల పడుకోబెట్టి బయట తాళం వేసి వెళ్ళే కొట్లు ఉన్నాయి. ఫోన్ బ్యాటరీలు చార్జింగులో ఉండే గదిలో నిప్పు పుడితే, నువ్వు ఇంత కష్టపడి కట్టిన సెంటర్ లాక్ వాడి ప్రాణానికే అడ్డం పడుతుంది. లోపల మనిషి ఉంటే బయట తాళం పడకూడదు. అలాగే అర్ధరాత్రి ఫోను మోగితే ఒక్కడివే పరుగెత్తుకెళ్ళి షట్టరు ఎత్తకు. ముందు 112కి ఫోన్ చెయ్యి, పక్కవాళ్ళను లేపు, దూరంగా నిలబడి కేకలు వెయ్యి. ఫోన్లకు బీమా ఉంది నాయనా, మీ అమ్మకు నువ్వొక్కడివే.